ఆకుకు సున్నం

వెంకటనర్సమ్మను తెలివితక్కువది అనేవాళ్లతో నేను మాట్లాడటం మానేశాను. అందులో మా ఆడపడుచు కూడా ఉంది. "బుద్ధున్నోళ్లెవరన్న మొగని కండ్లల్ల సున్నం వెడ్తరా?" అంది. చెప్పడం సులువే.

నేను ఉప్పల్ చిల్కానగర్‌లో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. నర్సమ్మ, ఆమె పెనిమిటి దామోదర్ మా కింది వాటాలో అద్దెకుంటారు. మోత్కూరు వైపు నుంచి వచ్చి, నాచారంలో ఇనుప సామానుకు నికెల్ పూత వేసే షెడ్డులో పనికి కుదిరారు. పూతకు ముందు తుప్పు వదలడానికి సామాను యాసిడ్ తొట్టిలో ముంచాలి. అది దామోదర్ పని. నేల మీద యాసిడ్ చిందితే సున్నం చల్లి ఊడ్చడం ఆమె పని. బుస్సున పొంగి చల్లారిపోయేది. "సున్నం వడ్డదంటే దాని రోగం కుదుర్తది మేడం" అని నాతో నవ్వుతూ చెప్పేది. యాసిడ్‌లో నీళ్లు పోయకూడదని, పోస్తే మీదికి ఎగజిమ్ముతుందని సూపర్‌వైజర్ నూరిపోశాడు.

రెండూ నిజమే. రెండూ నేను ఏటా బోర్డు మీద రాసేవే.

పోయిన ఎండాకాలం సామాను దించే బుట్ట గొలుసు తెగి తొట్టిలో పడింది. యాసిడ్ దామోదర్ మొహానికి కొట్టింది. "కండ్లు మండుతున్నయే" అంటూ కూలబడ్డాడు. పక్కనే నల్లా ఉంది. నర్సమ్మ దానివైపు చూసింది కూడా. నీళ్లు పోస్తే ఎగురుతుందని భయపడింది. బకెట్‌లో తడిపి ఉంచిన సున్నం దోసిట్లోకి తీసి మొగుడి కళ్లకు పట్టించింది, వదలకుండా అదిమి పట్టుకుంది.

దవాఖానాలో డాక్టరు ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు. యాసిడ్ పైపొరను కాల్చి చాలావరకు అక్కడే ఆగేదట. వెంటనే నల్లా కింద తల పెట్టి కడిగి ఉంటే చూపు దక్కేదేమోనట. సున్నం లోలోపలికి తినుకుంటూ పోయింది. ఆమ్లమూ క్షారమూ కలిసి లవణమూ నీరూ అవుతాయి నిజమే, అప్పుడు వేడి కూడా పుడుతుంది. ఆ వేడి అతని కళ్లలో పుట్టింది.

గల్లీ అంతటికీ తెలిసినా ఆ మాట అతని చెవిన పడకుండా ఆమె కాపలా కాసింది. కళ్లు యాసిడే తీసిందని అతను అనుకోవాలి. "ఎర్కైతే నా చేతి బువ్వ తింటడా మేడం?" అని మా మెట్ల మీద కూర్చుని ఏడ్చేది. నాకు కోపం వచ్చేది, ఎవరి మీదో తెలియని కోపం.

ఇంట్లో సున్నం డబ్బా కూడా మాయమైంది. దామోదర్ అన్నం తిన్నాక ఆకు వేసుకునే మనిషి. ఆమె వక్క మాత్రమే పెట్టి చుట్టి ఇచ్చేది. అతను ఏమీ అనకుండా నమిలేవాడు. నోరు పండేది కాదు.

మొన్న ఆదివారం పచ్చడి ఇవ్వడానికి వెళ్తే ఇద్దరూ గడపలో కూర్చుని ఉన్నారు.

"సున్నమేదే?" అన్నాడు ఆకు నములుతూ.

"దుకాణంల లేదన్నరు."

"ఉప్పల్ల సున్నం దొర్కకపోవుడేంది?"

ఆమె వక్కల డబ్బా మూత పెట్టి లేవబోయింది. అతను నెమ్మదిగా అన్నాడు.

"కంటికి తగిలినప్పుడే తెల్సింది అది సున్నమని. దినాం ఆకుకు రాసుకునేటోన్ని, వాసన గుర్తువట్టనా? నొప్పికి నోరు రాలే. ఇడువకుండ అదిమి పట్టుకుంటివి నర్సమ్మా. నన్ను బతికిద్దామనే గదా."

"మరి ఇన్ని దినాలు అనవైతివి."

"నువ్వే చెప్తవని సూసిన. పో, సున్నం తే. ఆకు సప్పగున్నది."

ఆమె లేచి దుకాణానికి వెళ్లి తెచ్చింది. వేలికొసతో ఇసుమంత తీసి ఆకుకు రాసి, మడిచి అతని చేతిలో పెట్టింది. తర్వాత వాకిట్లో నల్లా తిప్పి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. తుడుచుకుని వచ్చి కూర్చుని, మళ్లీ లేచి నల్లా దగ్గరికి వెళ్లింది.

"పోయింది తియ్యే, ఇగ రా" అని దామోదర్ పిలిచాడు. ఆమె నల్లా కట్టేయలేదు. నీళ్ల చప్పుడు వచ్చే వైపు మొహం తిప్పి అతను పిలుస్తూనే ఉన్నాడు.