పడుగు దాటని నీలం కారు

ఆ రోజుల్లో అనగానే ఏ తాతల కాలమో అనుకునేరు. అంత వెనక్కి పోనక్కర్లేదు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చి, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వెలిసి, మా ప్రాంతపు కుర్రాళ్ల మెడల్లో ఐడీ కార్డులు వేలాడటం మొదలైన రోజులవి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఆ వయసుకు మనిషికి బుద్ధి రాదని ఇప్పుడు తెలుసు గానీ, అప్పుడు మాత్రం లోకంలో నేను తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే మిగిలిందని నమ్మేవాణ్ణి: ఖరీదైన స్పోర్ట్స్ సెడాన్‌ను కొనాలా, లీజుకు తీసుకోవాలా? ఈ ప్రశ్న మీద నేను పడిన మథనం తర్వాత పెళ్లి విషయంలో కూడా పడలేదు (ఈ ముక్క మా ఆవిడ కంట పడదని నా ధైర్యం).

మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేస్తాడు. షావుకారు పట్టూ జరీ ఇస్తే నేసి, చీర అప్పగించి, కూలి తెచ్చుకుంటాడు. మగ్గం మాది, చీర వాళ్లది. నేనేమో పెనుకొండలో కారు సీట్లకు కవర్లు కుట్టే కంపెనీలో పనిచేసేవాణ్ణి. కుట్టడం కాదు, కుట్టినది చూడటం నా పని. కవరు నా బల్ల మీదికి రాగానే కుట్టు వెంబడి వేలు పోనిచ్చి, దారం ఎక్కడైనా వదులైందా, వంకర పోయిందా అని చూసి, బాగుంటే ముద్ర వేయాలి. అలా రోజూ వందల సీట్ల మంచిచెడ్డలు చూసే నేను కూర్చునేది మాత్రం ఒక కాలు విరిగి, తీగతో కట్టిన ప్లాస్టిక్ స్టూలు మీద. ఎవరెవరో కూర్చోబోయే సీట్లు నా చేతి కింద నుంచి పోతున్నాయన్న దిగులు మెల్లగా నన్ను పట్టుకుంది. సూపర్‌వైజర్‌ని చేసి జీతం పెంచిన నెలలోనే ఆ దిగులు కాస్తా నీలం రంగు కారైంది.

ఆ కారును బెంగళూరులో ఒక సిగ్నల్ దగ్గర మొదటిసారి చూశాను. నేలకు ఆనుకున్నంత కిందికి ఉంది, చీకటి పడబోయే ముందు ఆకాశానికి వచ్చే రంగు, పచ్చలైటు పడగానే చప్పుడు చేయకుండా మాయమైంది. వెతుక్కుంటూ షోరూముకు పోతే, వచ్చినవాళ్లకు చూపించడానికి ఏడాదిగా వాడిన బండి ఒకటి ఉందనీ, కొంచెం తక్కువకు ఇస్తామనీ అన్నారు. కొనాలంటే బ్యాంకులో మా ఇంటి కాగితాలు పెట్టాలి. లీజంటే కాగితాలక్కర్లేదు. నాలుగేళ్లు జీతంలోంచి నెలనెలా కోసుకుంటారు, ఆ తర్వాత బండి వాళ్లకు అప్పగించేయాలి. అలా కోసుకోగా నాకు మిగిలేది పొద్దున ఒక టీకి, సాయంత్రం ఒక బన్నుకు. దాన్ని కూడా నేను ఒక మార్గంగానే లెక్కవేసుకున్నానంటే నా పరిస్థితి మీరు ఊహించుకోవచ్చు.

సలహాలకు కొదవ లేదు. మా అక్కను ఇచ్చిన హిందూపురం బావ చింతపండు వ్యాపారి. ఆయనది కొనాలన్న పక్షం. "మనది అని చెప్పుకునేకి ఒకటుండల్లప్పా. దుడ్లు కట్టి, మల్లా వాపసు ఇచ్చేదేంది? నవ్వుతారు నలుగురూ" అన్నాడు. మా లైను ఇన్‌చార్జికి మేము పెట్టుకున్న పేరు లీజు సారు. కదిరి మనిషి. రూములో ఆయన మంచం, ఫ్రిజ్జు, కుర్చీ, చివరికి గోడ మీది గడియారం కూడా అద్దెవే. "సొంతమనేదే ఒక రోగమబ్బా. వాడుకో, వదిలేయ్. మనమేమన్నా కట్టుకొని పోతామా?" అనేవాడు. బావతో మాట్లాడిన రోజు కొనేవాణ్ణి, లీజు సారుతో మాట్లాడిన రోజు లీజుకు తీసుకునేవాణ్ణి. ఇలా రెండు నెలల పాటు ఆ కారు నా తలలోనే చాలా దూరం తిరిగింది.

ఇక లాభం లేదని ఒక ఆదివారం ముహూర్తం పెట్టాను. షోరూము మనిషి కారు తెస్తాడు, హిందూపురంలో బావకు చూపించి, పెనుకొండలో లీజు సారును ఎక్కించుకుని, ధర్మవరం పోయి, నాయన ముందు తేల్చేయాలి. షోరూము నుంచి వచ్చినాయన నలభై దాటిన కన్నడ మనిషి. అంత ఎండలోనూ మెడలో టై ఉండేది గనక ఆయన పేరు నా మనసులో టై అన్నగా స్థిరపడిపోయింది. ముందురోజే వచ్చి హిందూపురం లాడ్జిలో దిగి, తెల్లారేసరికి కారును అద్దంలా తుడిచి అక్క వాళ్ల ఇంటి ముందు నిలబెట్టాడు.

మా అక్క బయటికి వస్తూనే నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టేసింది. టై అన్న "నింబెహణ్ణు బేడ మేడం, బేడ" (నిమ్మకాయలు వద్దని) అంటూ ఒక చక్రం దగ్గరిది తీసేలోగా ఇంకో చక్రం దగ్గర పెట్టేది. "ఇంకా కొనలేదక్కా" అని నేనంటే, "కొన్నాక తగిలే దిష్టి కొనకముందు తగలదా?" అని ముందు అద్దం పక్కన పసుపూ కుంకుమా అద్ది హారతిచ్చింది. టై అన్న కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత బావ కారెక్కాడు. ఎక్కడమంటే ఎక్కడం కాదు, దిగడమనాలి. ఆయన భారీ మనిషి, ఆ సీటు నేల మట్టాన ఉంది. కూర్చుని, "బాగుండాదప్పా, భలే ఉండాది" అని తల ఊపి, ఇక లేద్దామని చూస్తే లేవలేకపోయాడు. నేనూ టై అన్నా చెరో చెయ్యి పట్టుకుని లాగాం. మూడోసారికి వచ్చాడు. పంచె సర్దుకుని చాలాసేపు కారు వంకే చూసి, "కొను. కొనొద్దని నేను చెప్పేది ల్యా. కానీ మర్యాదగల్లోళ్లను ఇట్ల కూలబెట్టేది నీకు యాలప్పా?" అని చింతపండు మండీకి వెళ్లిపోయాడు. కొనాలన్న పక్షం అలా మొదటి అరగంటలోనే బలహీనపడింది.

పెనుకొండలో లీజు సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. దారి పొడుగునా లీజు గురించి మాట్లాడాడు. స్టీరింగ్ నా చేతిలో ఉండటంతో నా చెవికి ఒక్క మాటా ఎక్కలేదు. రోడ్డు నా కింద పట్టులా జారిపోతోంది, పక్క లారీలు వెనక్కి పోతున్నాయి, నేను నేను కాదు. ఇప్పటికీ ఒప్పుకుంటాను, ఆ గంటసేపూ నాకు కలిగిన సంతోషం అబద్ధం కాదు. ఆ సంతోషంలోనే మా వీధి మలుపు తిరిగాను, తిరిగి పెద్ద తప్పు చేశాను.

వీధిలో పడుగు చాచారు. చీరకు నిలువుపోగులైన పట్టుదారాలను మగ్గానికి ఎక్కించే ముందు, రెండు కొసలా కర్రలకు చుట్టి, వీధి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా బిగించి పట్టుకుని, తెగిన పోగులు అతికి, సాపు చేసుకుంటారు. ఆ సమయంలో ఆ వీధిలోకి ఎవరు వచ్చినా రెండే దారులు: ఆగాలి, లేదా వచ్చి చెయ్యి వేయాలి. సైకిలు బెల్లు కూడా కొట్టరు. ఎవరైనా ఉలిక్కిపడి చెయ్యి వదిలితే నెలల కూలి చిక్కుపడుతుంది. ఇదంతా నాకు నడక రాకముందే తెలుసు. తెలిసి తెలిసీ, ఎనిమిదిమంది నా దారికి అడ్డంగా నిలబడ్డారన్న విసురులో హారన్ కొట్టాను.

ఆ కారు హారన్ మామూలుది కాదు. వీధి అదిరింది. దానిమ్మ రంగు పట్టు ఒక్కసారి అలలా ఊగింది. ఈ చివర కర్ర పట్టుకున్న మనిషి మాత్రం కదల్లేదు, వెనక్కి కూడా తిరగలేదు. "ఎవురప్పా అది? పడుగు కనపడల్యా? యా ఊరోడివి?" అన్నాడు. ఆ మనిషి మా నాయన.

నేను ఇంజను ఆపి, చెప్పులు కారులోనే విడిచి, దిగి వెళ్లాను. నాయన నన్ను చూసి, కారును చూసి, ఏమీ అనకుండా కర్ర రెండో కొన నాకు అందించాడు. తిట్టి ఉంటే బాగుండేది. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెగిన పోగులు పద్నాలుగు తేలాయి. అవి నా హారన్‌కు తెగలేదని అందరూ అన్నారు గానీ నేను నమ్మలేదు. మనుషులు చాలక లీజు సారును కూడా పిలిచారు, ఆయన ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకుని మధ్యలో నిలబడ్డాడు. చివరికి టై అన్న కూడా వచ్చాడు. టై పోగులకు తగలకుండా చొక్కా లోపలికి దోపుకుని, గుళ్లో నిలబడినంత భక్తిగా పట్టు పట్టుకున్నాడు. ఇలా ఒక గంట. వీధి మొగలో నీలం కారు, దాని మీద మా అక్క పెట్టిన బొట్టు, అవి అలాగే ఎండలో మా కోసం కాచుకున్నాయి.

పని అయ్యాక అమ్మ అందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ పెట్టింది. లీజు సారు అరుగు మీద కూర్చుని నా సంగతంతా నాయనకు చెప్పాడు. నాయన తింటూ విని, "కొనేకి ఇంటి కాగితాలు కావల్లంటే ట్రంకులో ఉండాయి, తీస్కపో" అన్నాడు. అంతే. ఎందుకని అడగలేదు, వద్దనీ అనలేదు. ఆ ఇంట్లోనే మా మగ్గం ఉంది.

"కాగితాల పనే ల్యాదులే పెద్దాయనా" అని లీజు సారు అందుకున్నాడు. "లీజు తీసుకుంటే నాలుగేండ్లు మీవోడే తోలుకుంటాడు. గీత పడకుండా, మరక పడకుండా చూసుకోని, మల్లా ఇచ్చేయల్ల. అంతే."

వడ్డిస్తున్న అమ్మ ఆగి నవ్వింది. "మరక పడకుండానా? ఆ బాధ నాకు తెలుసులేప్పా. పెద్దదాని పెండ్లికి నేను కట్టుకునింది అట్లాంటిదే" అంది.

మా అక్క పెళ్లికి అమ్మ కట్టుకున్న చీర నాకు గుర్తుంది. పచ్చ చీర, ఎర్రంచు. నాయనే నేశాడు. అది మాదేనని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. కాదట. పెళ్లి రోజు మధ్యాహ్నం దాకా కట్టుకుని ఇచ్చేస్తామని నాయన షావుకారును అడిగి తెచ్చాడట. "ఆ పొద్దు నేను కూర్చుంటే ఒట్టు. మడత నలుగుతుందని గోడకు ఆనుకోలేదు. పప్పు మీద పడుతుందని వడ్డనకు పోలేదు, తినలేదు. పిల్లను సాగనంపేటప్పుడు ఏడుపొస్తే, కండ్లు తుడుచుకునేకి మీ నాయన తుండుగుడ్డ ఇప్పించుకున్నా. చెంగుతో తుడుచుకుంటే మరక పడదా?" అమ్మ దీన్ని కూడా నవ్వుతూనే చెప్పింది. మా ఇంట్లో పెళ్లి ఆల్బం ఉంది. అందులో అమ్మ ఒక్క ఫోటోలోనూ కూర్చుని లేదు. పనుల హడావుడి అనుకునేవాణ్ణి. నాయన తల వంచుకుని కంచంలో లేని బొరుగులు ఏరుతున్నాడు.

నేను లేచి టై అన్న కోసం చూశాను. ఆయన కారుకు పది అడుగుల దూరంలో, నూనె చెయ్యి ఎక్కడా తగలకుండా, నిలబడి ఉగ్గాని తింటున్నాడు. "అన్నా, ఏమీ అనుకోవద్దు. నాకు ఈ కారు వద్దు. కొననూ కొనను, లీజుకూ తీసుకోను" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "పర్వాగిల్ల సార్" అని, కారు వైపు చూస్తూ, "ఏడాదిగా తోల్తా ఉన్నా సార్ ఈ కార్. ఒక్క దినం కూడా మా వీధికి తీస్కొని పోలేదు. మా ఇంట్లో వాళ్లు ఫోటోలోనే చూసినారు" అన్నాడు. చెయ్యి కడుక్కుని, పసుపుకుంకాలు జాగ్రత్తగా తుడిచి, టై పైకి తీసుకుని, లీజు సారును పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లిపోయాడు. మలుపు దగ్గర వేగం తగ్గించి, వీధి వైపు ఒకసారి చూశాడు.

కారు కోసం దాచిన డబ్బుతో ఆ నెలలోనే పట్టూ జరీ కొని నాయనకు ఇచ్చాను. చాలా మురిసిపోతాడనుకున్నాను. ఆయన జరీని వేళ్ల మధ్య నలిపి చూసి, "మోసపోయినావురా, ఈ ధరకు ఇంకా మంచిది వచ్చేది" అన్నాడు. అయినా నేశాడు. షావుకారు పని అంతా అయ్యాకే మా పడుగు ఎక్కించాడు. ఆ పడుగు చాచిన రోజు నేను సెలవు పెట్టి వచ్చి కర్ర పట్టుకున్నాను. పచ్చ చీర, ఎర్రంచు. అమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్లకద్దుకుని, ట్రంకులో పెట్టి తాళం వేసింది. పండుగలు వచ్చాయి, పెళ్లిళ్లు వచ్చాయి, అమ్మ మాత్రం తాళం తీయలేదు. అరువు చీర కట్టుకుని బాధపడిన మనిషి, సొంత చీర అసలు కట్టుకోకుండానే సంతోషపడుతుందని నాకు ముందు తెలియదు.

మూడేళ్లకు నేనూ ఒక కారు కొన్నాను. చిన్నది, ఇంకొకరు వాడినది, బూడిద రంగు. దాని సీట్లు మాత్రం మా కంపెనీవి. పెనుకొండ పోదామని నాయననూ అమ్మనూ ఎక్కించుకోవడానికి వచ్చిన రోజు నాయన ముందు సీట్లో కూర్చుని, కుట్టు వెంబడి మెల్లగా వేలు పోనిచ్చాడు. సరిగ్గా నేను బల్ల దగ్గర చేసినట్టే. మెచ్చుకుంటాడని చూస్తున్నాను. "ఈడ దారం వదులైందే. ఇది నువ్వు చూసిందేనా?" అన్నాడు. నా ముద్ర పడిన సీటు కాదని నేను ఇప్పటికీ వాదిస్తాను.

అప్పుడే అమ్మ బయటికి వచ్చింది. పచ్చ చీర, ఎర్రంచు. మడతల గీతలు ఇంకా పోలేదు. వెనక తలుపు తీసి, చంకలోంచి పాత దుప్పటి ముక్క తీసి, సీటు మీద పరిచి, ఎక్కి కూర్చుంది. హాయిగా వెనక్కి ఆనుకుంది. "ఆ గుడ్డ ఎందుకమ్మా? చీర పాడవుతుందనా, సీటు పాడవుతుందనా?" అన్నాను.

"రెండూ మనవే కదరా" అంది.

నీలం కారులో హారన్ కొట్టిన ఆ ఇరవై నాలుగేళ్ల వాడు ఇప్పుడు ఎదురైతే నేను తిట్టను. నాయనలాగే ఏమీ అనకుండా చేతికి కర్ర అందిస్తాను. అమ్మా నాయనా ఎక్కిన ఆ రోజు పెనుకొండ చేరేదాకా నేను ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు.