సారుకెదురుగా చాపని కాలు

పక్షవాతం వచ్చినవాళ్ళ కాలు ఎంతవరకు కదులుతుందో చూసే పరీక్ష ఒకటి ఇంగ్లీషులో ఉంది. దాన్ని తెలుగులోకి మార్చి, మన రోగులకు సరిగ్గా పనికొస్తుందో లేదో తేల్చే పని మదనపల్లెలో మా ఫిజియోథెరపీ విభాగం మీద పడింది. ఒకే రోగిని ఇద్దరం విడివిడిగా చూసి మార్కులు వేయాలి. అవి కలిస్తే పరీక్ష మంచిదన్నట్టు. మొదట మా పెద్దసారు, తర్వాత నేను.

మాటల కోసం పడిన తన్నులాట అంతా ఇంతా కాదు. ‘చాపండి’ అనాలా, ‘నిటారుగా పెట్టండి’ అనాలా అని టీలు చల్లారేదాకా వాదించుకున్నాం. చూసేవాడు ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. ఇంగ్లీషులో ఎదురుగా అని ఉంది, కాబట్టి ఎదురుగానే.

పుంగనూరు క్యాంపుకు పెద్దపంజాణి వైపు నుంచి ఒక పెద్దావిడ భర్త చేయి పట్టుకుని వచ్చింది. వేరుశనగ చేలో పడిపోయిందట. కాలు కాస్తో కూస్తో కదిలేవాళ్ళకే ఇంటికి మనిషిని పంపి కసరత్తు చేయిస్తారు. సున్నా వస్తే అదీ లేదు. సారు ఆమెకెదురుగా స్టూలేసుకుని కాలు చాపమన్నాడు. ఆమె తల వంచుకుని బిగుసుకు కూర్చుంది. మళ్ళీ చెప్పాడు. కదల్లేదు. సున్నా వేసి, బయట ఉన్న భర్తతో “ఇక కాలు రాదు” అని వెళ్ళిపోయాడు.

నా వంతు వచ్చేసరికి స్టూలు ఎవరో మందుల గదికి పట్టుకుపోయారు. బెంచీ మీద ఆమె పక్కనే కూర్చుని కాలు చాపమన్నాను. వణుకుతూనే గోడవైపు బారుగా చాపింది.

“ఇందాక సారు చెబితే ఎందుకు చాపలేదమ్మా?”

“దేవునట్లా సారు ఎదురుగా కూసోనుంటే, ఆయన మొగానికి కాలు సాపేదేందమ్మా! కండ్లు పోవా?”

సారుకు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. “నువ్వే చేయి ఆసరా ఇచ్చి ఉంటావు,” అన్నాడు. ఒక్కసారి పక్కన కూర్చుని చూడమని బతిమాలితే, “పద్ధతి మార్చడానికి మనమెవరం?” అన్నాడు. ఈయనేమీ విదేశాల్లో పుట్టలేదు. గుర్రంకొండ దగ్గర పల్లె. చిన్నప్పుడు పెద్దవాళ్ళ ముందు కాళ్ళు బారజాపి కూర్చుంటే వీపు విమానం మోత మోగి ఉంటుంది. ఆ ఇంగితం ఎక్కడ పారేసుకున్నాడో! నాకిప్పటికీ కోపమే. ఇంట్లోనే రోజూ కాలు ఆడించమని ఆమె భర్తకు నేనే చెప్పి పంపాను.

కొన్ని నెలలకు సారు కుప్పంలో మీటింగు పెట్టి, మా ఇద్దరి మార్కులు చక్కగా కలిశాయని చెప్పుకున్నాడు. కలవని మనిషిని తీసి పక్కన పెడితే కలవక ఏం చేస్తాయి? అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు.

తిరిగొస్తూ పెద్దపంజాణిలో దిగి, ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. మంచం మీద పడుకుని ఉంది. నన్ను చూసి నవ్వింది. మోకాలు పట్టి చూస్తే, వంగిన చోటే బిగుసుకుపోయింది. రోజూ ఆడించమని చెప్పి పంపాను కదా, ఎందుకు మానేశారని భర్తను అడిగాను.

“పెద్దసారే రాదని సెప్పినాడు గదమ్మా. అంత పెద్ద డాక్టరు సెప్పినాక, రోజూ లాగి లాగి దీన్ని యాల ఏడిపించేదని నేనే వద్దంటిని,” అన్నాడు, ఆమె కాలిమీద దుప్పటి సర్దుతూ.