సన్మాన పత్రంలో లేని పేరు

ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. చెప్పబోయి ఆగిపోయిన సందర్భాలు చాలానే ఉన్నాయి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా అనుమానం వల్ల ఒక మనిషికి దక్కవలసిన గౌరవం దక్కకుండా పోయింది. అది వట్టి అనుమానమేనని తెలిశాక కూడా నేను నోరు విప్పలేదు.

డెబ్బైల్లో నేను తిరువూరులో, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవాణ్ణి. అక్కడ మేడ మీద ఒక గది ఉండేది. మన ప్రాంతంలో ఆ శాస్త్రాన్ని ఎవరు, ఎలా చెప్పడం మొదలుపెట్టారో తెలిపే పాత పుస్తకాలు, ఉత్తరాలు, పంతుళ్లు పిల్లలకు పెట్టిన పరీక్షల రాతలు అందులో దాచేవారు. పాత కాగితాల గది అనేవాళ్లం. దాన్ని మొదలుపెట్టింది ఇద్దరు. ఒకరు మా ప్రిన్సిపాల్ సూర్యనారాయణ గారు. రెండోవారు మాతో పనిచేసే మణి టీచర్ గారు. ఆయన ఉత్తరాలు రాసి అడిగేవారు. ఆవిడ బస్సెక్కి వెళ్లి, చనిపోయిన పంతుళ్ల ఇళ్లలో అటకలెక్కి వెతికి, దులిపి, ఎండబెట్టి తెచ్చేవారు.

ఒక యూనివర్సిటీ వాళ్లు ఆ గది చూసి ముచ్చటపడి, ఇద్దరికీ సన్మానం చేస్తామన్నారు. సన్మాన పత్రం రాసే పని నాకు అప్పగించారు. సరిగ్గా అప్పుడే ఒక నోటు పుస్తకం కనిపించకుండా పోయింది. స్వాతంత్ర్యానికి ముందు ఒక పంతులు గారు పిల్లల జ్ఞాపకశక్తిని పరీక్షించి రాసుకున్నది. ఆ గదిలో అన్నిటికన్నా విలువైనది. తాళంచెవులు ముగ్గురి దగ్గరే ఉండేవి. ప్రిన్సిపాల్ గారు, మణి టీచర్ గారు, నేను.

ప్రిన్సిపాల్ గారిని అనుమానించాలని నాకు తోచనే లేదు. ఎందుకని? ఆవిడనే ఎందుకు అనుకున్నాను? పెనుగొలనులో కూలీల ఇంట పుట్టి, చర్చి బడిలో చదువుకుని పైకి వచ్చిన మనిషి కాబట్టా? అందుకు కాదని అప్పట్లో నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోలేను.

ఆ రోజు నుంచి ఆవిడ చేసే ప్రతి పనీ నాకు వేరేగా కనిపించింది. సాయంత్రం ఆవిడ సంచి బరువుగా ఉంటే అందులో ఏముందో అనుకునేవాణ్ణి. తేలిగ్గా ఉంటే, పని అయిపోయిందన్నమాట అనుకునేవాణ్ణి. నవ్వితే నటన. నవ్వకపోతే భయం. ఒకసారి విస్సన్నపేట బస్సులో ఆవిడకు తెలియకుండా వెనక సీట్లో కూర్చుని వెళ్లాను. ఆవిడ దిగి, ఒక ముసలి పంతులు గారి ఇంట్లోకి వెళ్లి, కాగితాల కట్టతో బయటికొచ్చారు. అది చూసి సిగ్గుపడాల్సింది పోయి, తేవడం తెలిసిన మనిషికి అమ్మడం తెలియదా అనుకున్నాను.

కాలేజీ సెక్రటరీ గారికి చెప్పాను. రుజువేదని ఆయనా అడగలేదు.

"ఇప్పుడు గొడవెందుకండీ. పత్రంలో ఆవిడ పేరు రాయకండి, సరిపోద్ది" అన్నారు.

రాయలేదు.

సన్మానానికి ముందు రోజు మణి టీచర్ గారు నన్ను వరండాలో ఆపారు.

"మాస్టారూ, పుస్తకం నేను తీశానని సెక్రటరీ గారితో అన్నారంటగా?"

"నేనేం అనలేదండీ. ఎవరో అనుకుంటున్నారు."

"ఎవరో కాదులెండి. తీశారా అని ఒక్కసారి నన్నే అడగొచ్చు కదండీ?"

నేను గడియారం చూసుకుని, క్లాసుకు టైమైందన్నాను. ఆ గంటలో నాకు క్లాసు లేదు.

మర్నాడు ఆవిడ రాలేదు. శాలువా కప్పుతుంటే ప్రిన్సిపాల్ గారు అటూ ఇటూ చూసి, మణి టీచర్ ఏరని అడిగారు. ఒంట్లో బాగాలేదటండీ అన్నాను. ఆ అబద్ధం ఆడమని నాకెవరూ చెప్పలేదు.

నెల తర్వాత బైండింగు షాపు నుంచి కాలేజీ పత్రికల కట్ట వచ్చింది. విప్పితే మధ్యలో ఆ నోటు పుస్తకం, కొత్త అట్టతో. పైన చీటీ. చీటీ మీద నా చేతిరాత. అట్ట ఊడిపోతోందని పత్రికలతో కలిపి పంపింది నేనే. పంపి మరిచిపోయాను. జ్ఞాపకశక్తి మీద పాఠాలు చెప్పేవాణ్ణి.

అప్పుడైనా పరుగెత్తుకెళ్లి నిజం చెప్పి ఉండొచ్చు. చీటీ చింపేశాను. పుస్తకాన్ని బీరువాలో వెనక వరసలో పెట్టి, వారం ఆగి, దొరికిందన్నాను.

"చూశారా, భయపడి తెచ్చి పెట్టేసింది" అన్నారు సెక్రటరీ గారు.

నేను ఔననలేదు. కాదని కూడా అనలేదు. ఆ ఒక్క క్షణం నన్ను ఇప్పటికీ వదలదు. మొదటిది పొరపాటు అనుకుందాం, మరి ఇది?

ఆ వేసవిలోనే ఆవిడ ఉద్యోగం మానేశారు. చాలా ఏళ్ల తర్వాత, చెప్పేద్దామనే పెనుగొలను వెళ్లాను. మజ్జిగ ఇచ్చారు. వానాకాలంలో ఆ గది కారుతుంది, చూసుకుంటున్నారా అని అడిగారు. ఇంకేమీ అడగలేదు. చూసుకుంటున్నామని చెప్పి లేచి వచ్చేశాను. ఆ తర్వాత రెండేళ్లకు ఆవిడ పోయారని తెలిసింది.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించే హక్కున్న మనిషి లేరు. ఆ పత్రంలో నేను రాయాల్సినదీ, ఆ రోజు సెక్రటరీ గారి ముందు అనాల్సినదీ ఇక్కడ రాస్తున్నాను. పాత కాగితాల గదిని నిలబెట్టినవారిలో మణి టీచర్ గారు ఒకరు. పుస్తకం ఆవిడ తీయలేదు. నేను పోగొట్టాను, నేనే దాచాను.

రాశాను. చాలా ఆలస్యంగా. కానీ రాశాను.