మేము గెలిస్తే మాస్టరు పోవాలి

నిన్న సాయంత్రం టీవీలో ఏదో దేశం ఫుట్‌బాల్ జట్టు ఓడిపోయింది. ఆట ముగిసీ ముగియకముందే కోట్లు తొడుక్కున్న నలుగురు పెద్దమనుషులు బల్ల చుట్టూ చేరి, ఆ జట్టు కోచ్ పనికొస్తాడా రాడా అని తేల్చడం మొదలుపెట్టారు. వాళ్ళకంటే ముందే మా మనవడు సోఫాలో కాళ్ళు చాపుకుని, "వాణ్ణి తీసెయ్యాల తాతా, వాడు ఉండేదాకా ఈ టీము బాగుపడదు" అని తీర్పు చెప్పేశాడు. వీడు పుట్టి బుద్ధెరిగి బంతిని కాలితో తన్నిన పాపాన పోలేదు. నేను కళ్ళజోడు తీసి, కండువా చివరతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాను. అప్పటికే ఆ బల్లా, ఆ కోట్లూ పోయి మా కోట చావడి నా కళ్ళముందుకు వచ్చేసింది. తిన్నె మీద మా తాత, కింద చాప మీద కుడికాలు చాపుకుని కూర్చున్న మాస్టరు. అరవై ఏళ్ళు దాటినా ఆ కాలు అలాగే చాచి ఉంది.

కోట అనగానే రాతిగోడలూ కందకాలూ ఊహించుకోకండి. తమిళనాట తెలుగువాళ్ళుండే మా రాజపాళయంలో కోట అంటే నాలుగైదు వీధులు, వాటికొక చావడి, ఆ చావడిలో తెల్లమీసాల పెద్దలు. అంతే. రథం పగ్గం ఎవరు ముందు పట్టాలి, చందనం ఎవరికి ముందు పూయాలి, ఏ కాలవ నీళ్ళు ఎవరి చేలోకి ముందు పారాలి, అన్నీ కోటల లెక్క ప్రకారం జరగాల్సిందే. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లో ఊరికి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండాలన్న ముచ్చట పుట్టినప్పుడు కూడా మావాళ్ళు అదే లెక్క పట్టుకొచ్చారు. మా కోట నుంచి నలుగురు, అవతలి కోట నుంచి నలుగురు, మిగతా ముగ్గురు ఊరందరిలోంచి. గోల్‌కీపరు స్థానం ఏడాదికి ఒక కోటది. ఆ ఏడు వంతు మాది. ఇంట్లో అందరికంటే పొడుగు నేనే, పైగా చావడి పెద్ద మనవణ్ణి. ఇంతకంటే అర్హత ఏం కావాలి? పద్ధెనిమిదేళ్ళకు నన్ను తీసుకెళ్ళి గోల్‌లో నిలబెట్టారు.

నేర్పించడానికి వచ్చినవాడు మా ఊరి మనిషే. తెలుగువాళ్ళే, క్రైస్తవులు, తండ్రీ తాతా మా చేలల్లో కూలికి వచ్చినవాళ్ళు. ఆయన మాత్రం పట్టాళంలో చేరి, అక్కడ దొరల దగ్గర బంతాట నేర్చి, మోకాలు పాడై ఇంటికి వచ్చాడు. అందరికీ ఆయన మాస్టరు. పత్తి జిన్నింగు మిల్లు పక్కన ఒక గది, నెలకింత జీతం. ఆ రెండూ ఊరి పెద్దలు ఇచ్చినవే. అవి పోతే సేత్తూరులో అత్తగారి పంచన చేరడం తప్ప ఆయనకు, ఆయన భార్యకు వేరే దారి లేదు. మొదటిరోజే మమ్మల్ని వరసగా నిలబెట్టి, "చూడండి, ఆడేది కోట కాదు, కాలు. కాలు ఉండేవాడు ఆడుతాడు" అన్నాడు. అందరం నవ్వాం. సైకిల్ ట్యూబు ముక్కలతో అతుకులేసిన బ్లాడరు, కాళ్ళకు బూట్లు లేవు, అయినా మొదటి రెండు నెలలూ వరసగా గెలిచాం. గెలుస్తున్నంత కాలం కోచ్ దేవుడే కదా, ఎవరూ నోరెత్తలేదు.

ఒకరోజు సాధన అయ్యాక మాస్టరు నన్ను ఆపాడు. మైదానం అవతలి కొస చూపించి, "ఆడ ఉండేది ఏమిరా?" అన్నాడు. నేను తడుముకోకుండా, "కుక్క, మాస్టర్. మా తాత కుక్కే. నన్ను వెతుక్కోని వచ్చినట్టుండాది" అన్నాను. తెల్లటి వేటకుక్కలకు పేరుపడ్డ మా ఊళ్ళో తెల్లగా, పొడుగ్గా ఏది పడుకుని ఉన్నా అది కుక్కే అవుతుంది మరి. మాస్టరు నా చెయ్యి పట్టుకుని అంతదూరమూ నడిపించాడు. అది పత్తి మూట. నేను నవ్వేద్దామనుకున్నాను గానీ ఆయన ముఖం చూసి నా నవ్వు ఆగిపోయింది. "ఇన్నాళ్ళూ పందు ఎట్లా పట్టినావురా?" అని అడిగాడు. పందు అంటే మా మాటలో బంతి. ఉన్నమాట చెప్పాను. తన్నిన చప్పుడు వింటాను, జనం అరుపు వింటాను, మిగిలినది నా అదృష్టం.

"కన్నాడి వేసుకోవాల నువ్వు. మీ తాతకు చెప్తాను" అన్నాడు. కన్నాడి అంటే కళ్ళజోడు. నేను అక్కడే, ఆ పత్తి మూట పక్కనే, ఆయన కాళ్ళు పట్టుకున్నాను. దానికి కారణం ఉంది. మా మేనమామ కూతురికి నన్ను ఖాయం చేసి ఉన్నారు, తై నెలలో, అంటే సంక్రాంతి నెలలో, పెళ్ళి. అంతకు రెండేళ్ళ ముందే మా పెదనాన్న కొడుక్కి రేచీకటి అని తెలిసి, తాంబూలాలు పుచ్చుకున్న సంబంధం తిరిగిపోయింది. వాడికి ఆ తరువాత ఎవరూ పిల్లనివ్వలేదు. నాకు ఆ పిల్లంటే ప్రాణం. సిగ్గు విడిచి ఆ మాట కూడా మాస్టరుకు చెప్పేశాను. ఆయన నన్ను రెక్క పట్టి లేపాడు. చివరికి, "సరి, చెప్పను. నా నోట రాదు, దేవుని మీద ఆన. కానీ నువ్వు గోల్‌లో నిలవరాదు. ముక్కుకు తగిలి చస్తావు" అన్నాడు.

ఆయన మాట మీద ఆయన నిలబడ్డాడు. నన్ను తీసేసి, జిన్నింగు మిల్లులో పత్తి మోసే పొట్టివాణ్ణొకణ్ణి, నా యీడువాణ్ణే, గోల్‌లో పెట్టాడు. ఆ సాయంత్రం మా మేనమామ మా ఇంటికి వచ్చి, "ఏమి మాప్పిళ్ళా, నిన్నెందుకు తీసినాడు?" అని అడిగాడు. మాప్పిళ్ళ అంటే అల్లుడు. పెళ్ళికి ముందునుంచే ఆయన నన్ను అలాగే పిలిచేవాడు. అప్పుడు నేను అన్న మాట ఇన్నేళ్ళు నన్ను తింటూనే ఉంది. "తెలీదు మామా. నా మీద ఏదో కోపమేమో" అన్నాను. అంతే. చేసిందంతా ఆ ఒక్క మాటే.

చావడి పెద్ద మనవణ్ణి కావాలని అవమానించి, మూటలు మోసేవాణ్ణి నిలబెట్టాడని మర్నాటికల్లా కోటంతా గుప్పుమంది. మా కోట ఆటగాళ్ళు ముగ్గురు సాధనకు రావడం మానేశారు. వచ్చిన మిగతావాళ్ళు బంతి వస్తే తన్నాలా వద్దా అన్నట్టు ఆడారు. వరసగా మూడు ఆటలు ఓడిపోయాం. ఆ మూడింటిలోనూ పొట్టివాడు ఒళ్ళు హూనం చేసుకుని ఆపినవి ఎన్నో, కానీ ఆపినవి ఎవరికి గుర్తుంటాయి? మా మేనమామ వీధి వీధీ తిరిగి, "మాస్టరును చావడికి పిలవాల" అని పట్టుబట్టాడు. పిలిచారు.

ఆదివారం పొద్దున. తిన్నె నిండా పెద్దలు, కింద జనం. వాళ్ళలో ఒక్కరు కూడా ఒక ఆట మొదటినుంచి చివరిదాకా చూసినవాళ్ళు కారు. ఒకాయనకు అసలు సందేహమే వేరు. "పదిమందికి చేతులు ఉండి వాడకూడదు, ఒక్కడు మాత్రం వాడొచ్చునా? ఇదేమి న్యాయము?" అన్నాడు. మాస్టరు ఓపికగా వివరించాడు. ఆయనకు నచ్చలేదు. మా మేనమామ లేచి గొంతు చించుకుని అరగంట మాట్లాడాడు. అంతా అయ్యాక మా తాత చెయ్యెత్తాడు.

"ఈ పిల్లోణ్ణి ఎందుకు తీసినావు మాస్టరూ? ఒక్క కారణము చెప్పు, చాలు. నేను ఒప్పుకుంటాను."

నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. మాస్టరు తల ఎత్తాడు. నావైపు చూశాడో లేదో నాకు తెలియదు. పదిహేను అడుగుల దూరం. ఆ దూరంలో ఆయన ముఖం నాకు ఒట్టి మసక. నోరు తెరవాల్సింది నేను. తెరవలేదు. పిరికివెధవని, ఇంకేమని చెప్పుకోను?

"కారణము ఉండాది అయ్యా. చెప్పేదానికి లే" అన్నాడు మాస్టరు.

జనం భగ్గుమన్నారు. మా తాత వాళ్ళను అణచి, తన బుర్రలోంచి ఒక తీర్పు తీశాడు. రెండు చేల మధ్య తగవు వస్తే రెండింట్లోనూ విత్తి చూసే మనిషి ఆయన. వచ్చే ఆదివారం శ్రీవిల్లిపుత్తూరు జట్టుతో ఆట. గోల్‌లో నేను నిలబడాలి. జట్టు గెలిస్తే నన్ను తీసెయ్యడం మాస్టరు తప్పు, ఆయన పని వదిలి, గది వదిలి పోవాలి. ఓడినా, సమమైనా మాస్టరు మాటే ఒప్పు, ఆయన ఉండొచ్చు, ఇంక ఎవరూ ఆయన జోలికి పోకూడదు. చావడి ఒకసారి తాంబూలం ఇచ్చి తేల్చిన మాటను మళ్ళీ తిరగదోడే ఆచారం లేదు. అందరూ భేష్ అన్నారు. అంటే మాస్టరు నిలవాలంటే ఆయన జట్టు గెలవకూడదు. ఆ మెలిక మా తాతకు ఎంత ముద్దొచ్చిందో, మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. "సరి అయ్యా" అని మాస్టరు కాలు కూడదీసుకుని లేచాడు.

ఆ మధ్యాహ్నమే నేను జిన్నింగు మిల్లు దగ్గరికి పరుగెత్తాను. దారిపొడుగునా నాకు ప్రాణం తేలికైంది. దారి దొరికింది కదా! "మాస్టర్, మీరు ఏమీ దిగులుపడవద్దు. నేను పందు వదిలేస్తాను. రెండు వదిలితే చాలు, మీరు ఉంటారు" అన్నాను. ఆయన చెయ్యి ఎప్పుడు లేచిందో తెలియదు, నా చెంప ఛెళ్ళుమంది. "నా జట్టులో నిలిచి పందు వదిలేవాడు ఎవడురా? వాళ్ళు నన్ను ఎట్లన్నా తూచనీ. నా పని నేను చేస్తాను. నీ పని నువ్వు చెయ్యి" అన్నాడు. లోపల్నుంచి ఆయన భార్య తొంగిచూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా పొద్దున్నే, మైదానంలో ఎవరూ లేని వేళ, మాస్టరు నాకు చెవులతో ఆడడం నేర్పించాడు. గోల్‌కు వల లేదు, వెనక నిలబడి బంతి తెచ్చి ఇచ్చేవాడు ఒకడు కావాలి. అక్కడ పొట్టివాణ్ణి నిలబెట్టాడు. వాడికి అయిదే మాటలు. ఎడం, కుడి, మీద, కింద, ముందుకు. మాట పడగానే ఒళ్ళు కదలాలి, కన్ను జోక్యం చేసుకోకూడదు. తన చోటు లాక్కున్నవాడి కోసం ఆ పొట్టివాడు వారం రోజులు గొంతు పోగొట్టుకున్నాడు. ఎవరూ చెప్పకపోయినా వాడు సంగతి పసిగట్టేశాడు. బయట ఒక్క మాట అనలేదు.

ఆటరోజు ఊరంతా మైదానంలోనే ఉంది. మొదటి సగంలో మావాళ్ళు ఒక గోల్ వేశారు. విరామం తరువాత నేను కొండలకు ఎదురుగా నిలబడాల్సి వచ్చింది. పొద్దు కొండ వెనక్కు దిగగానే నీడ మైదానమంతా కమ్ముకుంది, నాకు బంతీ లేదు, మనుషులూ లేరు, మసక మాత్రమే ఉంది. వెనకనుంచి పొట్టివాడి గొంతు. "ఎడం!" ఎడమకు దూకాను, వేళ్ళకు తగిలి పోయింది. "మీద!" ఎగిరాను. వాడు నన్ను వెక్కిరిస్తున్నాడనుకుని జనం వాణ్ణి తిడుతున్నారు. చివరి నిమిషాల్లో ఒక్కసారిగా ఊరంతా నోరు మూసుకుంది. ఎవరో ఒంటరిగా దూసుకొస్తున్నారని ఆ నిశ్శబ్దమే చెప్పింది. ఒక్క క్షణం నాకు అనిపించింది, ఇప్పుడు కదలకుండా నిలబడితే చాలు, మాస్టరు గది మాస్టరుకు ఉంటుంది. "కుడి, కింద!" అని పొట్టివాడు గొంతు పగిలేలా అరిచాడు. చెంప మీద ఆ దెబ్బ ఇంకా చల్లారినట్టు లేదు. నా ఒళ్ళు దానంతటదే పడింది. బంతి పొట్టకు తగిలి చేతుల్లో ఇరుక్కుంది.

గెలిచాం. నన్ను భుజాల మీదికి ఎత్తారు. మా మేనమామ ఏడ్చేశాడు. "చూసినారా, నా మాప్పిళ్ళను! ఇట్లాంటోణ్ణి తీసినాడు, పాపిష్టోడు!" అని అరిచాడు. మర్నాడు చావడిలో మా తాత మాస్టరు చేతిలో తాంబూలం పెట్టాడు. మాస్టరు తప్పు రుజువైంది. ఆ రుజువును వారం రోజులు చెమటోడ్చి తయారుచేసింది ఆ మాస్టరేనని నాకూ, పొట్టివాడికీ తప్ప ఎవరికీ తెలియదు. నేను అప్పుడూ నోరు తెరవలేదు. ఒంటెద్దు బండిలో ఒక ట్రంకుపెట్టె, ఒక చాపచుట్ట, ఆయన భార్య. మాస్టరు బండి పక్కన కుంటుకుంటూ సేత్తూరు దారి పట్టాడని విన్నాను. నేను ఇల్లు కదలలేదు.

పెళ్ళయిన నాలుగో రోజుకే నా భార్య పట్టేసింది. ఎదురింటి అరుగు మీద ఎండబెట్టిన పంచెను చూసి నేను దండం పెట్టాను, పెద్దాయన కూర్చున్నాడనుకుని. ఆమె నవ్వి, నవ్వి, చటుక్కున ఆపి, "మాస్టరు నిన్ను తీసింది దీనికా?" అంది. నేను తల వంచుకున్నాను. "మా నాయన అట్లా అరుస్తుంటే నువ్వు నోరు మూసుకోని నిలిచి ఉండినావా?" ఆ తరువాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు ఆమే నన్ను మదురకు బయలుదేరదీసింది. కళ్ళజోడుతో తిరిగి వచ్చి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మామ ఎదుట నిలబడ్డాను. ఆయన ఎగాదిగా చూసి, "ఓహో, వక్కీలు మాదిరి ఉండావు మాప్పిళ్ళా" అని, పొగాకు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు. అంతే. దేనికోసం ఒక మనిషి కొంప కూల్చానో దానికి ఊళ్ళో దక్కిన మాట ఇంతే.

సేత్తూరు వెళ్ళడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది. కోత అయిన చేలో మాస్టరు పిల్లలను పరుగెత్తిస్తున్నాడు. నన్ను, నా కళ్ళజోడును చూశాడు. నేను ఏదో మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపి, దూరంగా గట్టు చూపించాడు. "ఆడ ఉండేది ఏమిరా?" అన్నాడు. "కుక్క, మాస్టర్. ఒక చెవి మడుచుకోని పడుకోనుండాది" అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. "చావడికి వచ్చి చెప్తాను మాస్టర్, నిజమంతా చెప్తాను" అన్నాను. "మీ తాత ఉండాడా?" అని అడిగాడు. పోయినేడే పోయాడన్నాను. "మరి ఇంక ఎవరికిరా చెప్తావు?" అని ఆయన మళ్ళీ పిల్లల వైపు తిరిగాడు.

"ఏమంటావు తాతా, తీసెయ్యాలా వద్దా?" అని మనవడు నిన్న రెట్టించి అడిగాడు. "ఆ గోల్‌కీపర్ని అడిగినారా?" అన్నాను. వాడికి అర్థం కాలేదు, టీవీ శబ్దం పెంచుకున్నాడు. నేను ఆ చావడిలోనే ఉండిపోయాను. ఆనాడు పదిహేను అడుగుల్లో నా కంటికి ఆనని మాస్టరు ముఖం అరవై ఏళ్ళ దూరం నుంచి ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. ఆయన నావైపే చూస్తున్నాడు.