పక్కసీటు పైపు

రేపల్లె నుంచి తెనాలి వెళ్లే బస్సులో నా పక్కన బురఖా వేసుకున్న ఒక పెద్దావిడ కూర్చుంది. ఆవిడ చేతిలోని ప్లాస్టిక్ పైపు నా మోకాలికి గుచ్చుకుంటూనే ఉంది. "కాస్త జరపండమ్మా" అని రెండుసార్లు విసుక్కున్నాను.

దారిలో జనం అడ్డంగా నిలబడితే బస్సు ఆగింది. ఎవరి పెరట్లోంచో వచ్చిన నాగుపాము రోడ్డు పక్కన గోడ మూలకి చేరి పడగ విప్పింది. చుట్టూ కర్రలు లేచాయి.

ఆవిడ దిగింది. నేనూ దిగాను.

"కర్రలు దించండి నాయనా, వెనక్కి జరగండి" అంది. సంచిలోంచి దిండు గలీబు తీసి పైపు ఒక చివర కట్టి, రెండో చివర గోడవారగా పాము ముందుకి తోసి, దూరంగా నిలబడింది.

"పట్టుకోరా?" అన్నాను.

"ఎందుకండి? కలుగనుకుని అదే వెళ్తుంది."

ఎవరూ కదల్లేదు. పడగ దిగింది. పాము నింపాదిగా పైపులోకి పాకి, గలీబులో చుట్ట చుట్టుకుంది. ఆవిడ గలీబు మూతి బిగించి ముడి వేయగానే బస్సంతా ఈలలు, చప్పట్లు! అందరికంటే ముందు కర్ర ఎత్తినాయనే ఆవిడకి కాలవ అవతలి తుప్పల దాకా దారి చూపించాడు. రేపల్లెలో నేను పరిగెత్తుకొచ్చి ఎక్కుతున్నా బస్సు ఆపని డ్రైవరు, ఇప్పుడు ఇంజను ఆపేసి మరీ ఎదురుచూశాడు.

పామును వదిలేసి ఆవిడ తిరిగొచ్చి కూర్చుంది. తెనాలి దాకా ఆ పైపు నా ఒళ్లోనే ఉంది.