ఆరాధన అనే ఒకే ఒక్క ఫైలు

కావలి స్టేషన్ దగ్గర నెట్ సెంటర్ నడిపే కెజియాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మొరాయించిన కంప్యూటర్‌నీ తిడుతుంది, పాస్‌వర్డ్ మరిచిపోయి వచ్చినవాళ్లనూ తిడుతుంది. తిట్టినా పని చేసిపెడుతుంది కాబట్టి జనం ఆమె దగ్గరికే వస్తారు.

ఆ వారం మాత్రం ఆ కోపం వెనక భయం ఉంది. వాళ్ల చర్చి సంఘం ఆరాధనల రికార్డింగులున్న వెబ్‌సైట్ మూతపడబోతోంది. నిరుడు పోయిన అమ్మ సామ్రాజ్యమ్మ గొంతు వాటిలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆదివారం పాస్టరుగారి వాక్యానికి ముందు పాట ఎప్పుడూ ఆవిడదే.

మైకు చూసుకునే జకరయ్య ప్రతివారం రికార్డింగును సైట్‌లో ఆ తేదీ ఫోల్డర్‌లో పెట్టి, తన దగ్గరున్నది చెరిపేసేవాడు. ఏ వారమైనా ఫైలు పేరు ఒక్కటే, ఆరాధన. మార్చమంటే, "దేవుని ఆరాధనకు వారానికో పేరేందమ్మా?" అనేవాడు. ఆ మాట తలుచుకుంటే కెజియాకు ఒళ్లు మండేది.

ఉద్యోగ దరఖాస్తులకు ఆఖరి రోజు కావడంతో కొట్టు వదల్లేక, సైట్‌లోని రికార్డింగులన్నీ దించుకునే పని తమ్ముడు క్రాంతి కుమార్‌కి అప్పజెప్పింది.

"నల్ల తెర మీద డబ్ల్యూగెట్ కమాండుతో దించరా. ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టు రావాల."

"ఆఫీసులో నేను వాడేది కర్ల్ కమాండు అక్కా. ఏదైతే ఏంది, ఫైళ్లు రావడమే కదా?"

"పేర్లన్నీ ఒకటేరా, చెప్తే వినబడలా?"

"నేను చూసుకుంటా, నువ్వు పో."

సాయంత్రం ఫోన్ చేసి, ఒక్క ఎర్రర్ కూడా రాలేదని గొప్పగా చెప్పాడు. ఆ రాత్రే సైట్ మూతపడింది.

మర్నాడు అతని లాప్‌టాప్‌లో ఒకే ఒక్క ఫైలు కనిపించింది. క్రాంతి అన్నీ ఒకే చోటికి దించాడు. అదే పేరుతో ఇంకో ఫైలు వస్తే కర్ల్ అడగదు, ఆగదు, పాతదాని మీదే రాసేస్తుంది. ప్రతి ఆదివారమూ వచ్చి ముందటి ఆదివారాన్ని తుడిచేసింది.

మిగిలింది ఆఖరిది, అమ్మను సమాధి చేసిన తర్వాతి ఆదివారానిది. ఆ పైవారం నుంచి సంఘం లైవ్ వీడియోకి మారిపోయింది.

కెజియా దాన్ని పెట్టింది. "ఈ ఉదయం మన సామ్రాజ్యమ్మగారి చోటు ఖాళీగా ఉంది," అన్నారు పాస్టరుగారు. పాట ఎత్తుకునేవాళ్లు లేక చర్చి అంతా ఊరకుండిపోయింది. ఎవరో దగ్గారు.

క్రాంతి ఏడుస్తూ ఆపబోయాడు. కెజియా అతని చేతిని విసురుగా కొట్టింది.

"ఆపబాకరా! జబ్బు అమ్మను తీసకపోయింది, గొంతును నువ్వు తీసకపోతివి. అమ్మ లేని ఆదివారం ఎట్టుంటదో కడదాకా విను."