కోలియస్‌కు వేసిన మోకాళ్ల మందు

1962లో నేను తాండూరు బజార్లో ఒక మందుల దుకాణంలో కంపౌండర్‌ని. డాక్టరు రాసిన చీటీ చూసి మందులు కలిపి ఇవ్వడం నా పని. ఎండాకాలం చివర్లో ఒకరోజు, వికారాబాదు నుంచి రోజూ రైల్లో వచ్చి మా ఊరి బాలికల బడిలో సైన్సు చెప్పే రుక్కమ్మ టీచరు దుకాణానికొచ్చి కాల్చిసిన్ మాత్రలు అడిగింది. అవి గౌట్‌కు, అంటే కీళ్లు వాచే జబ్బుకు వాడతారు. మోతాదు తప్పితే ప్రాణం మీదికొస్తుంది.

"చీటీ ఏది టీచరమ్మా? నొప్పులెవరికి?"

"మనిషికి కాదన్నా, చెట్టుకు."

నాకు నవ్వాగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఆ మందు లేత చిగురుకు తగిలితే చెట్టు గుణమే మారుతదట. మ్యుటేషన్ అంటరు. మా ఇండ్లల్ల నేల, గోడ అంతా బూడిదరంగు బండనే. కోలియస్ అని రంగురంగుల ఆకుల మొక్క ఉంటది గద, లోపల పెట్టుకుంటే ఇంకా మస్తు రంగు కొట్టే రకం తయారుచేద్దామని నా పట్టుదల. పట్నంల మాత్రలు కొనుక్కొచ్చి నూరి పోసిన. పదకొండు మొక్కలు చచ్చినయి. ఒక్కటే మిగిలింది."

విషయం మా డాక్టరుగారికి చెప్పాను. ఆయన ఆసక్తిగా విని, కొలిచేదీ వేసేదీ నేనే అయితే సరేనని చీటీ రాశారు.

ఆదివారం ప్యాసింజరు బండెక్కి వికారాబాదులో ఆమె ఇంటికి వెళ్లాను. మాత్రల నీళ్లు వడకట్టి, ఔన్సు గ్లాసుతో కొలిచి బాగా పలచన చేస్తుంటే ఆమె అత్తగారు పక్కనే కూర్చుంది.

"కోడలా, గా మందు జర నా మోకాళ్లకు పోయరాదూ! చెట్టుకేం నొప్పులున్నయి?"

"వద్దమ్మా, అది విషం!" అని సీసాకు ఎర్ర చీటీ అంటించాను. దూదిని తడిపి చిగురు మీద ఉంచి, మిగిలిన మందు నాతోనే తెచ్చేసుకున్నాను.

చిగురు ముడుచుకుపోయింది. రోజూ బండి దిగి బడికి వెళ్తూ ఆమె దుకాణం ముందు ఆగేది. "ఎట్లుంది?" అంటే "గట్లనే ఉంది" అనేది. నా కొలతే తప్పిందేమోనని నాకు అన్నం సయించలేదు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున పాలడబ్బాలో మొక్కతో ఉరికొచ్చింది. "అన్నా, చూడు!"

ఒక కొమ్మకు అరచేయంత ఆకులు! దళసరిగా, ముదురెరుపు రంగులో, అంచున పచ్చని కుచ్చులతో.

"గీ కొమ్మ కోసి నాటితే మళ్ల గిట్లనే రావాలె. అప్పుడే కొత్త రకమైనట్టు."

కత్తెర నా చేతికే ఇచ్చింది. నేనే కోశాను. ఆ కొమ్మ మా దుకాణంలోనే నీళ్ల సీసాలో వేళ్లు పోసుకుంది. శ్రావణంలో నాలుగు కొత్త ఆకులు వేసింది. నాలుగూ అట్లాంటివే! గల్లా వదిలేసి బడిదాకా పరుగెత్తాను. పాఠం మధ్యలోనే ఆమె బయటికొచ్చింది. నా మొహం చూసి, నేనేమీ చెప్పకముందే చప్పట్లు కొట్టింది. ఆమె వెనకే తరగతి పిల్లలంతా కొట్టారు.

మోతాదు అంటే అప్పటిదాకా నాకు కీడు జరక్కుండా చూసుకునే జాగ్రత్త మాత్రమే. అంతే జాగ్రత్తగా కొలిస్తే, లోకంలో లేని ఆకు ఒకటి పుడుతుందని ఆ ఏడు తెలుసుకున్నాను.